విశాఖలో ఇద్దరం నడుపుకోవడానికి సెయిల్ బోటు: ఈ 26 అడుగులది తీసుకోవచ్చా?

సాగర్‌నగర్_జంట

అందరికీ నమస్కారం. మేం ఇద్దరమే, యాభై దాటాం. ఈత వచ్చు, తెరచాప పడవ నడపడం ఇంకా రాదు. ఎంవీపీ కాలనీ ఇల్లు అద్దెకిచ్చి భీమిలి రోడ్డు వైపు మారిపోతున్నాం. కొచ్చిలో ఒక పాత ఫైబర్ సెయిల్ బోటు అమ్మకానికి ఉంది. 1998లో కట్టింది. పొడవు 26 అడుగులు, వెడల్పు 2.7 మీటర్లు. కింద కదలని ఫిన్ కీల్ (అడుగున రెక్కలా దిగే బరువైన భాగం), నీటిలో 1.45 మీటర్లు దిగుతుంది. లోపల 10 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, తెరచాపలు మూడు. తెరచాప కొయ్యను పట్టి ఉంచే తీగలన్నీ 2009లో మార్చామంటున్నారు.

అడిగేవి ఇవీ. ఈ బోటు మన తీరానికి పనికొస్తుందా, వస్తే ఎక్కడ కట్టుకోవాలి? బయానా ఇచ్చేలోపు ఏమేం చూసుకోవాలి? వారంలో రెండు మూడు రాత్రులు అందులోనే పడుకోవాలని ఆశ, కుదిరే పనేనా? ఏ నెలల్లో తిరగొచ్చు?

లంగరుతాడు

బోటు సంగతి తర్వాత, ముందు అది ఎక్కడ ఉంటుందో తేల్చుకోండి. విశాఖలో ఏ బోటు కొనాలో చెప్పేది ఆ ఒక్క ప్రశ్నే. కొచ్చి బోల్గాట్టిలో ఉన్నలాంటి మెరీనా, అంటే షికారు బోట్లు కట్టే రేవు, ఇక్కడ లేదు. ఇన్నర్ హార్బర్, అవుటర్ హార్బర్ ఓడలవి, నేవీవి. మిగిలింది ఫిషింగ్ హార్బర్. అక్కడ బోట్లను ఒకదాని పక్కన ఒకటి ఆనించి కడతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మర బోట్లన్నీ ఒకేసారి లోపలే ఉంటాయి, అప్పుడు తాడు కట్టడానికి గుంజ కూడా దొరకదు. ఫిబ్రవరిలో చూసొచ్చి "బోలెడు చోటుంది" అనుకుంటే ఏప్రిల్‌లో తెలుస్తుంది. 2023 నవంబరులో అక్కడ మంటలు లేచినప్పుడు పదుల బోట్లు కాలిపోయింది కూడా ఆ ఆనించి కట్టడం వల్లే. మధ్యలో ఉన్న బోటును బయటికి లాగడానికి దారి ఉండదు. అక్కడే కట్టాలనుకుంటే అనుమతి కాగితం మీద తీసుకోండి. "మనోడే, చూసుకుంటాడు" అన్న మాట మీద కట్టొద్దు.

భీమిలిలో గోస్తనీ మొగ ఉంది కదా అంటారేమో. ఆ మొగలో ఇసుక తిన్నె ప్రతి వానాకాలానికీ జరుగుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ మన దగ్గర ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. ఆటులో మీ 1.45 మీటర్ల కీల్ ఇసుకలో దిగబడితే, ఒక్కో కెరటానికీ బోటు లేచి కీల్ మీద కూలబడుతుంది. ఫిన్ కీల్ బోల్టులు సాగేదీ, అడుగు చిట్లేదీ అలాగే. ఇక ఋషికొండ, ఆర్కే బీచ్, యారాడ ముందు అంతా తెరిచిన సముద్రం. పగటిపూట రెండు గంటలు లంగరు వేయొచ్చు, రాత్రి వదిలేసి రావడానికి కాదు.

అందుకని నా మాట: ఈ బోటు వదిలేయండి. 21 నుంచి 23 అడుగులది, కీల్ పైకి లాగేసుకునే రకం చూడండి. కీల్ ఎత్తితే 30–40 సెంటీమీటర్ల నీరు చాలు. బరువు టన్నుకు అటూ ఇటూ, ట్రైలరు మరో 350 కిలోలు. బొలెరోనో స్కార్పియోనో లాగుతుంది. ఇంటి ఆవరణలో టార్పాలిన్ కింద పెట్టుకోవచ్చు. బోటు కట్టే చోటుకు అద్దె ఉండదు, అడుగున నత్తగుల్లలు పట్టవు, తుఫాను హెచ్చరిక రాగానే లోతట్టుకు లాక్కుపోవచ్చు.

ట్రైలరు తెచ్చుకునేవాళ్లు అందరూ చేసే తప్పు ఒకటుంది. రోడ్డు మీద వచ్చిన చక్రం హబ్ వేడిగా ఉండగానే ఉప్పునీళ్లలో ముంచేస్తారు. లోపలి గాలి చల్లబడి ముడుచుకుని సీలు సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది, రెండు నెలల్లో బేరింగు పోతుంది. అరగంట ఆరనిచ్చి దించండి. పైకి లాగాక మంచినీళ్లతో కడిగి, నెలకోసారి మెరైన్ గ్రీజు ఎక్కించండి.

ఆ కొచ్చి బోటే కావాలంటే ఇంకో లెక్క. రోడ్డు మీద మామూలు సరుకు వెడల్పు హద్దు 2.6 మీటర్లు. మీది 2.7. ఆ పది సెంటీమీటర్లకే ప్రత్యేక పర్మిట్ కావాలి, లారీ కిరాయి మారిపోతుంది. సముద్రం మీదుగా శ్రీలంక చుట్టూ తెస్తామనే ఆలోచన ఉంటే నేర్చుకునేవాళ్లకు అది వద్దు.

గెల్‌కోట్

పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయినా ఏ పాత బోటైనా చూసే పద్ధతి ఒకటే కాబట్టి రాస్తున్నా.

మీ ప్రకటనలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క "2009లో మార్చాం" అన్నది. కొయ్యను నిలబెట్టే స్టీలు తీగలకు పదీ పన్నెండేళ్లు ఆయుష్షు, మన ఎండకీ ఉప్పుకీ ఇంకా తక్కువే అనుకోవాలి. అంటే కొన్న రోజే అన్నీ మార్చాలి. బేరంలో ఆ ఖర్చంతా తగ్గించండి. తీగ మధ్యలో ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. చూడాల్సింది కింది చివర. తీగను ఒక గొట్టంలోకి దూర్చి మిషను మీద నొక్కుతారు, దాన్ని స్వేజ్ అంటారు. వాన నీరూ ఉప్పునీరూ తీగ వెంట జారి ఆ గొట్టం నోట్లో నిలుస్తాయి. గాలి ఆడని ఆ ఇరుకులో స్టెయిన్‌లెస్ స్టీలును కూడా తుప్పు లోపల్నుంచి తినేస్తుంది, ఉబ్బిన తుప్పు గొట్టాన్ని చీలుస్తుంది. పదింతలు చూపే భూతద్దం పట్టుకెళ్లండి. గొట్టాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి నిలువుగా వెంట్రుకంత గీత ఉందేమో తిప్పి తిప్పి చూడండి. గోధుమరంగు కన్నీటి చారలాంటిది కారి ఉంటే అదే గుర్తు. ఒక్క దాంట్లో గీత కనిపించినా అన్నీ అదే వయసు, అన్నీ మార్చాలి. ఈ సైజు బోట్లకు తీగ 4 లేదా 5 మిల్లీమీటర్లు, 316 రకం. బోల్టు ముక్కలు 316 అని అమ్మితే అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే కాదు.

తర్వాత డెక్కు, అంటే బోటు పైతలం. ప్లాస్టిక్ సుత్తితో అరచేతి వెడల్పుకొకసారి తట్టుకుంటూ పోండి. గట్టిచోట టక్ అంటుంది, లోపలి చెక్క నీళ్లు పట్టి కుళ్లినచోట డబ్ అని బొంగురుగా పలుకుతుంది. రెయిలింగు కడ్డీల మొదళ్లు, తీగలు డెక్కులోకి దిగే పట్టీల చుట్టూ, కొయ్య మొదలు దగ్గర ఎక్కువసేపు తట్టండి. నీళ్లు దిగేది ఆ స్క్రూల కన్నాల్లోంచే. కొయ్య కింద డెక్కు కుంగిందా అన్నది లోపలి తలుపు చెబుతుంది: బాత్రూం తలుపు చట్రంలో పట్టేస్తుంటే అనుమానించండి.

అడుగు చూడాలంటే బోటు నీళ్లలోంచి తీయాల్సిందే. తీయనివ్వకపోతే లేచి వచ్చేయండి. కీల్ అడుగును కలిసే చోట ముందువైపు నవ్వులాంటి వంకర గీత విచ్చుకుని, దాంట్లోంచి తుప్పునీరు కారుతుంటే ఎప్పుడో నేలకు కొట్టింది. బొబ్బలు ఉంటే ఒకటి గుచ్చండి. వెనిగర్ వాసనొచ్చే జిగట నీరు వస్తే ఫైబర్ లోపలికి నీళ్లు చేరాయి. పదో పాతికో బొబ్బలు ప్రమాదం కాదు, బేరానికి పనికొస్తాయి. అడుగంతా దద్దుర్లలా ఉంటే వద్దు.

అడుగులో నీళ్లు లోపలికీ బయటికీ పోయే వాల్వులు ఒక్కోటీ తిప్పి చూడండి. ఇత్తడివైతే చాకుతో గీరండి. పసుపు కాకుండా రాగిలా గులాబీ రంగు తేలితే జింకు కరిగిపోయింది, చేత్తో గట్టిగా కొడితే విరిగే స్థితి. ప్రతి వాల్వు పక్కనా దాని సైజు చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉండాలి. గొట్టానికి క్లిప్పులు రెండేసి.

ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి ఉంచితే ఏదో దాస్తున్నారు. ఎగ్జాస్టులోంచి నీళ్లు చిమ్ముతూ రావాలి. రాకపోతే నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ పోయినట్టు, అది చవక, ఏటా మార్చేదే. నూనె పాలు కలిసినట్టు తెల్లబడితే లోపలికి నీరు పోయింది, అది చవక కాదు. తెరచాప గుడ్డ కన్నా ముందు కుట్టుదారం ఎండకు పాడవుతుంది. గోటితో గీకితే పొడిగా రాలితే మళ్లీ కుట్టించాలి, గుడ్డే చేత్తో చిరిగితే అది తెరచాప కాదు, పందిరికి పనికొస్తుంది.

నైరుతి

నెలలు అడిగారు. నేర్చుకునేవాళ్లకు జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి సగం. తెల్లారి నేల మీంచి సన్నగాలి, పదకొండు దాటాక సముద్రం గాలి. మార్చి చివరినుంచి మధ్యాహ్నాలు దక్షిణపు గాలి ముదురుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాలు కొండల వైపు నుంచి ఉరుముల గాలివాన పదిహేను నిమిషాల్లో ముంచుకొస్తుంది. పడమట మబ్బు నల్లబడి సముద్రం గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తెరచాప దించేసే సమయం వచ్చిందన్నమాట. జూన్ నుంచి సెప్టెంబరు నైరుతి గాలీ, పొడుగు కెరటాలూ. అనుభవం వచ్చాకే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు బోటు ఇంటి దగ్గరే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలితో ఈ ఊరి మీదికే వచ్చింది. ట్రైలరు మీద ఉన్నా కొయ్య దించి, తెరచాపలు ఇంట్లో పెట్టి, చక్రాల గాలి తీసి, నేలలో దిగ్గొట్టిన గుంజలకు కట్టాలి. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేసినప్పుడే ఆ పని మొదలెట్టండి. మూడో నంబరు దాకా ఆగితే క్రేనూ దొరకదు, మనుషులూ దొరకరు.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. ఫిబ్రవరి–ఏప్రిల్‌లో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి పోతుంది, మధ్యాహ్నం గాలీ దాదాపు అటే. హార్బరు నుంచి భీమిలి దాదాపు 14 నాటికల్ మైళ్లు. వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి, మూడున్నర గంటల్లో హాయిగా చేరతారు. వచ్చేటప్పుడే బండారం బయటపడేది. ఎదురుగాలికి తిన్నగా రాలేరు, అటు 45 డిగ్రీలు ఇటు 45 డిగ్రీలు మలుపులు తిరగాలి. 14 మైళ్లు 20 అవుతాయి. 4 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంలో అర నాట్ ప్రవాహం తినేస్తే ఆరు గంటలకు తక్కువ పట్టదు, ఆపైన చీకటి. అందుకని ఎప్పుడూ ముందు ఎదురుగాలికి వెళ్లి, అలిసిపోయాక గాలివాటుగా ఇంటికి రండి. భీమిలిలో ఉండబోతున్నారు కాబట్టి ఇది మీకు కలిసొచ్చేదే: అక్కణ్నుంచి దించి ఋషికొండ వైపు ఎదురెక్కి, మధ్యాహ్నం తిరుగు.

సముద్రం మీద తెల్ల నురగలు అక్కడక్కడ ఉంటే 7–10 నాట్ల గాలి, ఎటు చూసినా తెలుపే అయితే 11–16. రెండోది చూడగానే పెద్ద తెరచాపకు మొదటి మడత వేసి చిన్నది చేసేయండి. "ఇంకా మడవాలా?" అన్న అనుమానం వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది.

వలలు. పగలు థర్మాకోలు ముక్కలూ జెండాలూ కనిపిస్తాయి, రాత్రి కనిపించవు. వల మీదికి వచ్చేశారనిపిస్తే ఇంజను న్యూట్రల్ చేసి కీల్ పైకి లాగి జారనివ్వండి. వల కోయొద్దు, అది ఒకరి తిండి. తప్పనిసరై కోస్తే జాలరిపేటలో కనుక్కుని డబ్బు కట్టేయండి.

ఓడల దారి దగ్గర, అంటే డాల్ఫిన్స్ నోస్ కింద ఉన్న చానెల్లో, "తెరచాప పడవకు మోటారు ఓడ దారివ్వాలి" అన్న నియమం పట్టుకుని కూర్చోవద్దు. ఇరుకు చానెల్లో పెద్ద ఓడకు అడ్డం రాకూడదన్నది కూడా నియమమే, 20 మీటర్లలోపు పడవలన్నిటికీ వర్తిస్తుంది. నేవీ జెట్టీల దగ్గరికి పోకండి, ఫొటోలు వద్దు, డ్రోన్ అసలే వద్దు. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. వాతావరణానికి విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్, కెరటాల ఎత్తుకు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) సూచన, రెండూ చూశాకే దించండి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఇద్దరి ఫోన్లలో ఉండాలి. తీరం దాటితే ఫోనుకు సిగ్నల్ నమ్మకం లేదు, వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానెలే దిక్కు. ఆ రేడియోకు లైసెన్సు తీసుకోవాలి.

సాగర్‌నగర్_జంట

చాలా ధన్యవాదాలండీ. కొచ్చి బోటు మానేశాం. ట్రైలరు బోటే వెతుకుతాం. అమ్మే ఆయన ఒక ఇరిడియం సాటిలైట్ పరికరం, గ్యాస్ పొయ్యి విడిగా ఇస్తానంటున్నాడు, అవైనా తీసుకోవచ్చా? మా ఆవిడ అడుగుతోంది: ఈయన నీళ్లలో పడితే ఒక్కదాన్నే ఎలా తీయాలి? ఆయన 82 కిలోలు, నేను 54.

లంగరుతాడు

సాటిలైట్ పరికరం ముట్టుకోకండి. ఇరిడియం, తురాయా అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర పెట్టుకోవడమే నేరం. తీరంలో దొరికితే ఇంకా చిక్కు. దానికి బదులు ఆపదలో సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్, రిజిస్టర్ చేయించుకున్నది.

గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే బోటు అడుగున చెరువులా నిలుస్తుంది, ఇంజను స్విచ్ నిప్పురవ్వ చాలు. సిలిండరు బయట, కింద కన్నం ఉన్న పెట్టెలో పెట్టే ఏర్పాటు లేని చిన్న బోటుకు వద్దు. ఫ్లాస్కు కాఫీ, పులిహోర పట్టుకెళ్లండి. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. ఒకే ట్యాంకులో కాదు, రెండు మూడు క్యాన్లలో.

అమ్మగారి ప్రశ్నే ఈ చర్చ మొత్తంలో అసలు ప్రశ్న. 82 కిలోల మనిషి తడిసిన బట్టలతో ఇంకా బరువు. చేతులతో లాగడం కుదరదు, ప్రయత్నించి నడుం పట్టేసేలా చేసుకోవద్దు. నాలుగు తాళ్ల కప్పీల సెట్టు ఒకటి కొనండి. 90 కిలోలను నాలుగుతో భాగిస్తే 22, రాపిడి కలిపి 30 కిలోల లాగుడు. వించ్‌కు (తాడు చుట్టి తిప్పే డ్రమ్ము) చుట్టి లాగితే 54 కిలోల మనిషి చేయగలదు. పై కప్పీని పెద్ద తెరచాప ఎత్తే తాడు కొసకు తగిలించి తలెత్తంత ఎత్తుకు లాగి బిగించాలి, కింది కొక్కెం ఆయన లైఫ్‌జాకెట్ హార్నెస్ రింగుకు. ఆ సెట్టు విప్పకుండా సంచిలో సిద్ధంగా ఉండాలి.

వరస ఇది: అరవడం, తేలేది ఏదో ఒకటి విసరడం, వేలు ఆయన వైపే చూపిస్తూ ఉండడం. ఇంజను వేసేముందు నీళ్లలో తాడేదీ వేలాడట్లేదని చూడడం, లేకపోతే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. గాలి కిందవైపు నుంచి దగ్గరికి వచ్చి, చేరేముందు ఇంజను ఆపేయడం. వెనక నిచ్చెన నీళ్లలో ఉన్నవాడు చేయి చాచి దించుకునేలా ఉండాలి. చాలా బోట్లలో అది డెక్కు మీంచే దిగుతుంది, ఆ నిచ్చెన దండగ. ముందు 20 లీటర్ల క్యాన్ నీళ్లలో వేసి సాధన చేయండి, తర్వాత ఆయన్నే దించండి, ఇద్దరూ ఒంటరిగా బోటు తిప్పగలిగేవరకు తీరం నుంచి మైలు దాటకండి.

గెల్‌కోట్

చిన్న బోటు అంటే అవుట్‌బోర్డ్ మోటారు. 5 నుంచి 8 హార్స్‌పవర్, 20 అంగుళాల పొడుగు షాఫ్టుదే తీసుకోండి. పొట్టిదైతే కెరటం మీద ప్రొపెల్లర్ గాల్లో తిరిగి, చల్లార్చే నీళ్లు అందక కాలిపోతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, గాల్లో తేమ పీలుస్తుంది. నెల నిలవ ఉంటే నీరు అడుక్కు విడిపోయి కార్బురేటరు జామవుతుంది. ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో పది నిమిషాలు ఆడించి, పెట్రోల్ పైపు తీసేసి మోటారు తనంతట ఆగేవరకు నడపండి. మిగిలిన పెట్రోల్ కారులో పోసేయండి.

కాగితాలు

ఒక్క మాట. "ఫిషింగ్ బోటుగా రిజిస్టర్ చేయించి ఇస్తా" అనేవాడి దగ్గర కొనొద్దు, వేట బోటు కాగితంతో షికారు తిరిగితే ఇన్సూరెన్సూ చెల్లదు. విదేశీ బోటైతే కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ అసలు చూడండి, జిరాక్స్ కాదు. అది లేకపోతే సుంకం బాకీ బోటుతోపాటే మీకొస్తుంది. హల్ (బోటు ఒంటి) నంబరు, మోటారు నంబరు కాగితంలోవీ బోటు మీదవీ అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. ఓడల చట్టం 2025లో మారింది, పాత సలహాలు పట్టుకోకుండా విశాఖలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంటుకు బోటు పొడవు, బరువు రాసి లిఖితంగా అడగండి. కొత్తది కొందామనుకుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి షికారు పడవల మీద జీఎస్టీ 40 శాతం, బడ్జెట్ వేసేటప్పుడే కలుపుకోండి.